మాచర్ల మీదుగా లండన్

ఈ భూగోళానికి రెండు చివరలున్నాయి. ఒకటి ఎక్కడుందో ఇంతవరకూ ఏ దొరా కనిపెట్టలేదు. రెండోది మాచర్ల స్టేషన్. అక్కడితో రైలు పట్టాలు అయిపోతాయి. పట్టాలే అయిపోయాక ఇంకా ప్రపంచం ఎందుకుంటుందండీ?

ఇంతటి శాస్త్ర సత్యం తెలిసి కూడా మా బావ గోపాలరావు లండన్ వెళ్ళడానికి గురజాల స్టేషన్లో మాచర్ల బండెక్కాడు!

అప్పటికి యుద్ధం అయిపోయి ఏడాది దాటింది. ఓడల్లో మళ్ళీ మామూలు మనుషుల్ని ఎక్కించుకుంటున్నారని పేపర్లో పడింది. ఆ ముక్క పైకి చదివి వినిపించి, "నేను విదేశం వెళ్తున్నా" అని ప్రకటించాడు బావ. బావంటే మా మేనత్త రామాయమ్మ కొడుకు. పొలం ఉంది, పని లేదు, మీసాలున్నాయి. ఆ మీసాలు ముందు గుమ్మంలోకి వచ్చేవి, బావ తర్వాత వచ్చేవాడు. పొద్దున్నే సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వడం మరిచిపోయినా వాటికి ఆముదం పట్టించడం మాత్రం మరిచిపోయేవాడు కాదు.

స్టేషన్లో దండలు వేశారు. సన్నాయి కూడా పెట్టించారు. నేను మాత్రం ఉండబట్టలేక అడిగాను.

"బావా, బొంబాయి పోవాలంటే గుంటూరు వైపు గదా బండెక్కాల? ఇది మాచర్ల బండి!"

బావ మెళ్ళో దండ సర్దుకుని నవ్వాడు.

"ఒరేయ్ నాగేశం, నువ్వు ఫోర్తు ఫారం తప్పావు గనక చెబుతున్నా. భూమి గుండ్రంగా ఉంటుంది. ఎటు పోయినా ఒకటే!"

జనం చప్పట్లు కొట్టారు. బండి కదిలింది. సన్నాయి వాడు కూడా ఆ మాటకి తల ఊపాడు.

మిరప కోతల నాటికి బావ తిరిగొచ్చాడు. నెత్తిన దొరల టోపీ, ఒంటిమీద కోటు, మీసాలు ఎప్పటివే. ఆ సాయంత్రం నించి కాఫీ హోటల్లో కూర్చునే వేళకి ఊళ్ళో సగం మంది చుట్టూ చేరేవాళ్ళు. నేను ఆయన పక్కనే కూర్చుని ఆయన గ్లాసులోది సగం నా గ్లాసులో పోసుకునేవాణ్ణి. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మా బావ అబద్ధమాడడు.

"బాబయ్యా, ఆ దేశంలో దిగంగానే ఏం చేస్తారు?"

"ఏం చేస్తారు! పెట్టె తెరిపిస్తారు. సుంకం వాళ్ళు ఒక్కో చొక్కా దులిపి చూశారు."

"అబ్బో! మరి రాజెవరు?"

"మన కలెక్టరు మాట చెల్లని రాజ్యం. అంతకంటే చెప్పకూడదు."

"డబ్బులో?"

"వేరే. మన రూపాయి ఇస్తే మార్చుకు రమ్మన్నారు."

"ఇక్కడ పగలైతే అక్కడ రాత్రంట గదండీ?"

"చూడు తమ్ముడూ, నేనున్నన్నాళ్ళూ చీకటి పడితే పడుకున్నా, తెల్లారితే లేచా. వాళ్ళూ అంతే."

"భూమికి అవతలి పక్క తలకిందులుగా నడుస్తారంటే నిజమేనా?"

"నా మటుకు నేను నిటారుగానే నడిచా."

"మంచు పడుద్దా?"

"చలికాలం పెందలాడే లేచి చూడాల మరి!"

"మాట ఎట్టా తెలిసేది మీకు?"

"తెలుగు మాట్లాడేవాళ్ళు చానామంది ఉన్నారు."

"లండన్లోనా!"

"మనవాళ్ళు లేని చోటు యాడుందిరా?"

జనం పొంగిపోయారు. పఠన మందిరానికి బావని అధ్యక్షుణ్ణి చేశారు. బళ్ళో బహుమతులు ఆయన చేతే ఇప్పించారు. గట్టు తగాదా వచ్చినా, కోడలు పుట్టింటికి పోయినా, "లండన్ బాబయ్య ఏమంటాడో కనుక్కోండి" అనేవాళ్ళు. గట్టు తగాదాకీ లండన్‌కీ సంబంధం ఏమిటని అడిగిన పాపిష్టివాణ్ణి నేనొక్కణ్ణే!

ఇంతలో పనిబడి మాచర్ల వెళ్ళాను. స్టేషన్ బయట జట్కా తోలే జాన్ సాహెబ్ నన్ను చూసి సలాం చేశాడు.

"మీ బావగారు బాగుండారా బాబూ? ఆ రోజు కిష్ణ రేవు దాకా నా బండిలోనే తీసకపోయినా. నిజాం ఇలాకాలో దోస్తు ఇంట్లో కొన్నాళ్ళుండి వస్తానన్నారు. పుట్టి ఎక్కంగానే ఆ బుట్ట పడవ గిర్రున తిరిగింది. ఆయన మీసాలు రెండూ రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని, 'శివశివా' అన్నారు!"

నాకు భూగోళ శాస్త్రం మొత్తం ఒక్కసారిగా వచ్చేసింది. కృష్ణ అవతల నిజాం రాజ్యం. వేరే రాజు, వేరే నాణెం, వేరే సుంకం చావడి. పుట్టి ఎక్కితే విదేశమే! ఎవరు కాదంటారు?

ఈ నిజం ఊళ్ళో చెప్పేయొచ్చు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పడం తమాషా చేతగాని వాళ్ళు చేసే పని. నేను ముఖం నిండా భక్తి పులుముకుని సరాసరి అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మడి కట్టుకుని చేటలో కందిపప్పు ఏరుతోంది.

"అత్తయ్యా, మావయ్య తద్దినం దగ్గరకొస్తుంది. బావేమో సముద్రం దాటొచ్చాడు. ప్రాయశ్చిత్తం కాకుండా ఆ చేత్తో పిండం పెడితే మావయ్యకి అందుద్దా అని నాకు దిగులుగా ఉంది."

అత్తయ్య చేట పక్కన పెట్టి నా ముఖంలోకి కాసేపు చూసింది.

"చానా ఆలోచించావురా నాగేశం" అంది.

మర్నాటి నించి బావ విస్తరి వీధి అరుగు మీదకి మారింది. అన్నం దూరం నించి పడేది. మజ్జిగ ఇంకా దూరం నించి పడేది, సగం విస్తట్లో, సగం కోటు మీద.

"ఏందమ్మా ఇది, కుక్కకి పెట్టినట్టు!"

"సముద్రం దాటావా లేదా?"

బావ అటూ ఇటూ చూశాడు. వీధిలో పఠన మందిరం వాళ్ళు పోతున్నారు.

"విదేశం వెళ్ళొచ్చానని ఊరంతా చెబుతుంటే మళ్ళీ ఆ అడగడమేంది!"

"అయితే గుండు చేయించుకో, మీసాలు తీయించుకో, పంచగవ్యం పుచ్చుకో. లేదూ, దాటలేదని ఒక్క మాట చెప్పు, ఇప్పుడే వంటింట్లోకి రా. నీకిష్టమైన గుత్తి వంకాయ చేశా."

వంకాయ వాసన వీధి దాకా వచ్చింది. బావ ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఒరేయ్, దోషం మనిషికి గానీ మీసాలకేందిరా? వాటికి నేను వేరే టిక్కెట్టు కూడా కొనలేదే!"

"పోనీ, దాటలేదని చెప్పరాదూ?"

"దాటలేదని ఎవరన్నారు?" అని కస్సుమన్నాడు.

నాకు ధీమా ఉంది. మీసాలా, లండనా అన్నప్పుడు బావ మీసాలే కోరుకుంటాడు. నిజం నోట్లోంచి ఊడిపడుతుంది. చూడ్డానికి రమ్మని ఊరంతటికీ నేనే చెప్పాను.

ఆ రోజు రానే వచ్చింది. పెరటి నిండా జనం. పురోహితుడు దర్భలు సర్దుకున్నాడు. మంగలి కోటయ్య పొది విప్పి కత్తి నూరాడు. బావ పీట మీద కూర్చున్నాడు.

"బాబయ్యా, ఇంకోపాలి ఆలోచించుకోండి" అన్నాడు కోటయ్య. "గొరిగిందాకే నా చేతిలో ఉండేది. మళ్ళీ మొలిపించడం నా వల్ల కాదు."

"బావా, ఒక్క మాట చెప్పు, చాలు!" అని నేను కేకేశాను.

బావ జనాన్ని చూశాడు. పఠన మందిరం వాళ్ళు ముందు వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. పుట్టిలో కూర్చున్నట్టే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"కానీయ్" అన్నాడు.

గుండయింది. కుడి మీసం రాలింది. నాకు నవ్వాగలేదు! స్తంభం పట్టుకుని నవ్వాను, స్తంభం వదిలి నవ్వాను, కూలబడి నవ్వాను.

"అయిందారా నవ్వడం?" అంది అత్తయ్య. "అయితే లేచి వచ్చి వాడి పక్కన కూర్చో."

"నేనా? నేనెందుకు?"

"రోజూ వాడి గ్లాసులో కాఫీ పోసుకు తాగావా లేదా?"

"సంసర్గ దోషం! శాస్త్రంలో ఉంది" అన్నాడు పురోహితుడు. అని, హోటల్లో తనూ రోజూ మా బల్ల దగ్గరే కూర్చున్న సంగతి గుర్తొచ్చిందేమో, "నేను మాత్రం పాలే తాగాను" అని చేర్చాడు.

కోటయ్య నా వంక తిరిగాడు. ఎన్నాళ్ళో దువ్వి దువ్వి పెంచుకున్న క్రాపు నాది! తమాషా గిమాషా అన్నీ మరిచిపోయి అరిచాను.

"అయ్యో అత్తయ్యా! వీడు సముద్రం యాడ దాటాడు? కృష్ణ దాటాడు! పుట్టిలో! మాచర్ల జాన్ సాహెబ్‌ని అడగండి!"

అందరూ బావని చూశారు. బావ ఒంటి మీసంతో మెల్లగా తలెత్తాడు.

"అయ్యా, మీసం ఇచ్చినవాడి మాట నమ్ముతారా, నవ్వినవాడి మాట నమ్ముతారా?"

"నిజమే గదా!" అన్నారు జనం. "అబద్ధం కోసం ఎవడైనా మీసం ఇస్తాడా!"

నలుగురు పట్టుకుని నన్ను పీట మీద కుదేశారు. పంచగవ్యం రుచి గురించి మాత్రం నన్ను అడక్కండి. అది కూడా విదేశం వెళ్ళొచ్చిన వాళ్ళకే తెలియాలి.

జనం వెళ్ళిపోయాక అత్తయ్య కొంగు ముడి విప్పి కోటయ్య చేతిలో కూలి పెట్టి, పైన ఇంకో నాణెం వేసింది. కోటయ్య దాన్ని తిప్పి చూశాడు.

"అమ్మా, ఇది ఇక్కడ చెల్లదే. చార్మినార్ బొమ్మ ఉంది."

"అవతలి ఒడ్డుకి పోయినప్పుడు మార్చుకుందువులే. మావాడు లండన్ నించి వచ్చిన రోజే కోటు ఉతుకుతుంటే జేబులో దొరికింది."

బావ, నేను ఒకరి గుండు ఒకరం చూసుకున్నాం.

"అంటే అప్పుడే తెలుసా నీకు?" అన్నాడు బావ నీరసంగా.

"ఆ మీసాలు నాకెప్పుడూ గిట్టవు. తీయమని ఏళ్ళ తరబడి చెప్పినా విన్నావా?" అంది అత్తయ్య. "వీడికేమో నవ్వు ఎక్కువయింది. లేవండి, వంకాయ చల్లారిపోతుంది."

సాయంత్రం ఇద్దరం తువ్వాళ్ళు నెత్తిన కప్పుకుని హోటల్‌కి వెళ్ళాం. దాచేపల్లి నించి వచ్చిన ఆసామి ఒకాయన మమ్మల్ని చూసి, వీళ్ళెవరని పక్కవాణ్ణి అడిగాడు. సముద్రయానానికి ప్రాయశ్చిత్తం అయిందని అతను చెప్పాడు. ఆ ఆసామి భక్తిగా వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"తమరు యాడ దాకా పొయ్యొచ్చారండీ?"

నేను బావని చూశాను. బావ, అలవాటుగా పైపెదవి దగ్గరికి పోయిన చెయ్యి దించుకుని, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను తువ్వాలు తీసి బోడి తల మీద ఒకసారి చెయ్యి వేసుకున్నాను.

"ఎంతదాకా పోతేనేంలే అబ్బాయ్" అన్నాను. "చలి మాత్రం చానా ఎక్కువ!"

నేనూ అబద్ధమాడనండీ.