అప్పలనర్సమ్మ మర్యాద

ఆ ఆదివారం పొద్దున్న ఉదయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మాధవి వాళ్ళ నాన్నగారిని తీసుకుని తొమ్మిదింటికి హోటలుకి వస్తుంది. ఆయన ఇడ్లీ తింటారు. తిని, పెళ్ళికి సరే అంటారు. ఇందులో ఇడ్లీ గురించి ఉదయ్‌కి ఏ దిగులూ లేదు. ఇడ్లీతో పాటు అమ్మ వడ్డించే మాటల గురించే దిగులంతా.

అరకు సంత వీధి చివర ఉదయ్ తల్లి అప్పలనర్సమ్మ నడిపే టిఫిన్ హోటలుకి బోర్డు లేదు. ఆమె గొంతు రైల్వే గేటు దాకా వినిపిస్తుంది కాబట్టి బోర్డు అవసరం ఎప్పుడూ పడలేదు. శృంగవరపుకోట దగ్గరి పల్లె నుంచి కొత్తకోడలిగా కొండెక్కినప్పుడు ఆమె వెంట తెచ్చుకున్నవి ఒక రుబ్బురోలు, నోటినిండా తిట్లు. రోలు పోయి గ్రైండరు వచ్చింది. తిట్లు మాత్రం చెక్కుచెదరలేదు. రోజూ వచ్చేవాళ్ళలో ఎవరి తిట్టు వారికి ఉంది. "మొకం మాడిపోనోడా" అంటే విస్తళ్ళు తెచ్చే బుధు. "తిన్నది అరగనోడా" అంటే జీపు నడిపే సోంబరు. పొరపాటున ఒకరి తిట్టు ఇంకొకరికి పడితే ఇద్దరూ నొచ్చుకుంటారు.

వచ్చే పెద్దమనిషి గణపతిరావు, పార్వతీపురంలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. కండక్టరు ఎవరినో వెధవ అన్నాడని నడిదారిలో బస్సు దిగిపోయి, ఎండలో ఇంటికి నడిచిన మనిషి. తిట్టు వినబడిన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. ఇక్కడి స్కూల్లో టీచరుగా చేస్తున్న మాధవికి ఉదయ్ అంటే ప్రాణమే. కానీ నాన్న కాదంటే చేసుకోనని ముందే చెప్పేసింది.

అందుకే పొయ్యి వెలిగించకముందే ఉదయ్ తల్లి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఆయన వెళ్ళేదాకా నీ నోట్లోంచి ఒక్క తిట్టు రాకూడదు."

"నానెప్పుడు తిట్టేన్రా సచ్చినోడా?" అని ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది.

"ఇదిగో, ఇలాంటివే వద్దంటున్నాను."

"ఇది తిట్టేటి? పిలుపు గాని."

"ఆ పిలుపులూ వద్దు. వచ్చినోళ్ళందర్నీ గారూ, అండీ అను."

"బుధుగాడ్ని కూడానా?"

"అందర్నీ."

ఆ మాధవిగుంట అప్పలనర్సమ్మకీ బాగా నచ్చింది. ఇక మారు మాట్లాడకుండా కొడుకు తల మీద చెయ్యిపెట్టి ఒట్టేసింది.

కంగారులో ఉదయ్ ఒక సంగతి మరిచిపోయాడు. వాళ్ళమ్మ మర్యాద చూపించడం ఊరికి కొత్త కాదు. మునుపోసారి పాలు పోసే దేవీప్రసాద్ పాలలో నీళ్ళు కలిపి దొరికిపోతే ఆమె కేకలు వెయ్యలేదు. "రేపట్నించి మీరు శ్రమ పడకండి, దేవీప్రసాద్‌గారూ" అంది, అంతే. ఆనాటి నుంచి అతను ఆ వీధిలోకే రాడు. అప్పలనర్సమ్మ తిట్టిందంటే మనవాడనుకున్నట్టు, అండీ అందంటే తలుపు వేసేసినట్టు. అరకులో ఈ సంగతి తెలియనివాళ్ళు పర్యాటకులు మాత్రమే.

మొదట బుధు వచ్చాడు, భుజాన అడ్డాకుల విస్తళ్ళ కట్టతో.

"రండి బుధుగారూ. కూకోండి. ఏటి తింతారు?"

బుధు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. బల్ల అంచున కూర్చుని ఇడ్లీ తుంచాడు, ఆ ముక్కని మళ్ళీ విస్తట్లోనే పెట్టేశాడు.

"నా మీద కోపమేటమ్మా?"

"కోపమెందుకండీ. సల్లారిపోతాయి, తినండి."

బుధు లేచి చేతులు జోడించాడు. "మొన్నటి కట్టలో నడిమన సిల్లులున్న విస్తళ్ళు పెట్టేసినాను. తప్పయిపోనాది. నన్ను ఒదిలీకమ్మా."

చిల్లుల విస్తట్లో సాంబారు కారి, ఎవరో చొక్కా పాడైందని ఆమెతో తగువు వేసుకున్నది మొన్ననే. అప్పలనర్సమ్మ నోరు తెరిచింది. గల్లాపెట్టె దగ్గర కొడుకు కనిపించాడు. నోరు మూసుకుంది.

"పర్లేదండి" అంది.

ఆ మాటతో బుధు ప్రాణం సగం పోయింది. తిండి వదిలేసి రోడ్డు మీద పడ్డాడు, ఎదురైన సోంబరుకి సంగతంతా చెప్పాడు. సోంబరు నమ్మలేదు. జీపు ఆపి, తనే చూసొస్తానని లోపలికి వెళ్ళాడు.

"రండి సోంబరుగారూ" అని వినబడగానే గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మా, నీ నీళ్ళ డ్రమ్ము ఆవు పొడిసినాదని అబద్ధమాడినాను. గుద్దింది నా జీపే."

ఆవు కలవాళ్ళని నెల్లాళ్ళ పాటు తిట్టిపోసిన మనిషి ఆమె. చేతిలో ఉన్న అట్లకాడ వంగిపోయింది.

"అలాగాండి" అంది, పళ్ళ మధ్య నుంచి.

అక్కడి నుంచి ఇక ఆగలేదు. అప్పలనర్సమ్మ అందరినీ వదిలేసి కొండ దిగిపోతోందని కొందరు, నోటికేదో జబ్బు చేసిందని కొందరు అనుకున్నారు. ఏదైనా ముందు తప్పు ఒప్పుకోవడం మంచిదని అందరికీ తోచింది. ఒకరు గుమ్మడికాయతో, ఒకరు పుంజుతో, ఒకరు గిద్దెడు మిరియాలతో వరస కట్టారు. ఆమె సెలవు పెట్టిందని చెప్పి పర్యాటకులను తన వైపు తిప్పుకుంటున్నది తనేనని పక్క టీ కొట్టతను ఒప్పుకున్నాడు. ఇన్నేళ్ళుగా తెలియని గుట్లన్నీ ఒక్క పూటలో తెలుస్తున్నాయి. ఏ ఒక్కరినీ ఏమీ అనడానికి లేదు. అప్పలనర్సమ్మ మొహం కందగడ్డలా అయింది. పాపం, ఆమె కష్టం చూడలేక ఉదయ్ గోడగడియారం వైపు చూశాడు.

సరిగ్గా అప్పుడే మాధవి తండ్రితో వచ్చింది. చేతులు జోడించుకుని, చప్పుడు లేకుండా నిలబడ్డ వరసను చూసి గణపతిరావు ముచ్చటపడిపోయారు.

"ఇంత క్రమశిక్షణ నేను బడిలో కూడా చూడలేదమ్మా" అన్నారు కూతురితో.

"దయచెయ్యండి బాబుగారూ" అని అప్పలనర్సమ్మ స్వయంగా విస్తరి వేసింది. ఆయన సంచీలోంచి సొంత చెంచా, సొంత నీళ్ళ సీసా తీసి పక్కన పెట్టుకున్నారు. ఆమె వాటి వైపు ఓసారి చూసి, ఇడ్లీలు వడ్డించింది. ఇడ్లీ నోట్లో పెట్టుకోగానే ఆయన మొహం విప్పారింది. ఉదయ్, మాధవి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

"ఈ జనమంతా ఎందుకొచ్చారు?" అని గణపతిరావు పక్కనే ఉన్న బుధుని అడిగారు.

బుధు జాలిగా చూశాడు. "ఈయమ్మ మమ్మల్ని ఒదిలేసినాది బాబూ. మనసులో ఉంటే తిడతాది. ఒదిలేత్తే అండీ అంతాది. బతిమాలుకోడానికొచ్చినాము." కాస్త ఆగి, "తమర్ని కూడా అండీ అనేసినాది. ఏటి సేసినారు బాబూ?" అన్నాడు.

చెంచా ఆగిపోయింది. గణపతిరావు నీళ్ళ సీసా వైపు చూశారు. నెమ్మదిగా లేచి చెయ్యి తుడుచుకున్నారు.

"పద మాధవీ. మన సంబంధం ఆవిడకి ఇష్టం లేదు. మర్యాదగా చెప్పారు, మర్యాదగానే వెళ్దాం."

ఉదయ్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. పొయ్యి దగ్గరికి పరిగెత్తాడు.

"అమ్మా, తిట్టు."

"ఎవులినండీ?"

"ఆయన్నే. బేగి తిట్టు. వెళ్ళిపోతున్నారు."

"ఆయన ఎల్లేదాకా నోరిప్పనని ఒట్టేసినాను."

"ఒట్టు తీసి గట్టున పెట్టేశాను. నీకు దణ్ణం పెడతాను, తిట్టమ్మా."

అప్పలనర్సమ్మ ఊపిరి పీల్చుకుంది. మొదలుపెట్టింది కొడుకుతో. అటు నుంచి చిల్లు విస్తళ్ళ బుధు, డ్రమ్ము గుద్దిన సోంబరు, టీ కొట్టతను, వరసలో ఉన్నవాళ్ళు ఎవరి వాటా వారికి పడుతుంటే మొహాలు చాటంతలయ్యాయి. మిరియాలు తెచ్చినాయన తనవంతు రాలేదని ముందుకు జరిగాడు కూడా. ఆఖరున ఆమె గుమ్మం దాటబోతున్న హెడ్మాస్టరు వైపు తిరిగింది.

"ఓరి ఎర్రిమొకపోడా, తింటన్న కూడు ఒగ్గేసి ఎక్కడికెల్లిపోతన్నావు? ఆ సీసా ఏటి, ఆ సెంచా ఏటి? నా ఇంటి నీల్లు తాగితే సత్తావేటి? కూకో. కూకుని తిను, నీ జిమ్మడిపోను."

మాధవి కళ్ళు మూసుకుంది.

గణపతిరావు వెనక్కి వచ్చి కూర్చున్నారు. చెంచా సంచీలో పడేసి చేత్తో ఇడ్లీ తుంచుకున్నారు. ఆమె పెట్టిన గ్లాసు ఎత్తి గటగటా తాగారు. ఆయన కళ్ళు తడిశాయి.

"మా అమ్మ పోయాక నన్ను ఇలా తిట్టి తినిపించినవాళ్ళు లేరమ్మా. ఊరంతా సార్, సార్ అనేవాళ్ళే" అన్నారు. తరవాత విస్తరి ముందుకి జరిపి, "ఇంకో రెండు వెయ్యండి" అన్నారు.

"అడగాలేటిరా ఎదవా" అంటూ ఆమె నాలుగు వేసింది.

మాఘంలో పెళ్ళయింది. వియ్యపురాలి దగ్గర గణపతిరావు త్వరగానే నేర్చుకున్నారు. ఫోను చేస్తే "ఏరా సచ్చినోడా" అంటూ అల్లుణ్ణి నోరారా పలకరిస్తున్నారు.

నిన్న మాత్రం "ఉదయ్‌గారూ, తమరు ఖాళీగా ఉన్నారా అండీ" అన్నారు. తను చేసిన తప్పేమిటో ఉదయ్ అప్పటి నుంచి వెతుక్కుంటూనే ఉన్నాడు.