సగటు తేనె

రండి, దగ్గరగా జరిగి కూర్చోండి. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయిలు కూడా లోపలికి రండమ్మా, అంతదూరం నా గొంతు అందదు. సగం మృగం, సగం మనిషి అయిన ఆ నరసింహస్వామికి ఒక దండం పెట్టుకుని మొదలుపెడతాను. ఆయనకు రెండు జాతుల సంగతీ తెలుసు. ఈ కథ ఏ జాతిదో ఆయనే తేల్చుకుంటాడు.

ఒక పెద్ద అడవిలో ఒక విద్యాలయం ఉండేది. గూళ్ళు అల్లే చదువుకు పిట్టలు ఎగబడేవి. పుట్టలు కట్టే చదువుకు చెదలు బారులు తీరేవి. మందశాస్త్రానికి మాత్రం ఒకరిద్దరు తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. మందలో ఎవరు ముందు నడుస్తారు, చెలమలో నీళ్ళు ఎవరు ముందు తాగుతారు, అడుగున మిగిలిన బురద ఎవరికి దక్కుతుంది, అలా ఎందుకు జరుగుతుంది, ఇదీ ఆ శాస్త్రం.

సీట్లు ఖాళీగా ఉంటే ప్రిన్సిపాల్ నక్కగారికి నిద్రపట్టేది కాదు. అడవిలో చదువులకు అప్పులిచ్చే ఎలుగు షావుకారు దగ్గరికి వెళ్ళి, ఆయన కొడుకు చంటిబాబును మందశాస్త్రంలో చేర్పించమన్నాడు. ఫీజు అక్కర్లేదు, క్లాసులో నిద్రపోయినా ఫరవాలేదు, చదువు కాగానే నాన్న తేనె కొట్టులో కూర్చుంటే చాలన్నాడు. దానివల్ల నాకేమిటని షావుకారు అడిగితే, నక్కగారు ఆయన చెవిలో చాలాసేపు మాట్లాడాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

చంటిబాబు చదువు అయిపోయిన ఏడాదే విద్యాలయం ముందు బోర్డు వెలిసింది. మందశాస్త్రం చదివినవారి సగటు సంపాదన ఏడాదికి ఇరవై తేనెపట్లు.

ఆ బోర్డు ముందు ఆగిపోయింది నాంచారి అనే ఏదుపంది పిల్ల. తండ్రి లేడు. తల్లి దుంపలు తవ్వి సాకింది. చిన్నప్పటినుంచీ నాంచారికి ఒకటే సందేహం: చెలమ దగ్గర మనమెప్పుడూ ఆఖరునే ఎందుకుంటాం? ఆ సందేహానికి ఒక చదువుందని, పైగా ఇరవై పట్లు కూడా వస్తాయని తెలిశాక కాలు నిలవలేదు. తల్లి అలివేలు మాత్రం ఆలోచించింది. అప్పు పది పట్లు, సంపాదన ఇరవై. ఏడాదిలో తీరిపోతుందిలే అనుకుని, ఉన్న ఒక్క బొరియనూ షావుకారుకు తాకట్టు పెట్టింది.

నాంచారి శ్రద్ధగా చదివింది. పాస్ అయింది. తర్వాత ఉద్యోగానికి తిరిగింది. మంద సంగతి మాకు ఒకరు చెప్పాలా అన్నాయి రేచుకుక్కలు. అనుభవం ఉందా అన్నాయి దున్నలు. చివరికి జింకల దగ్గర, చెలమకు వచ్చేవాళ్ళను వరసలో నిలబెట్టే పని దొరికింది. జీతం ఏడాదికి ఒక్క పట్టు. అది వడ్డీకే సరిపోయేది.

పక్క బొరియ ముంగిస ఊరుకుంటుందా? "మంద ఎలా నడుస్తుందో చదవడానికి అప్పెందుకే తల్లీ? మందలో నడిస్తే ఊరికే తెలిసేదిగా," అంది. అలివేలు ఆ మాట విని రెండురోజులు అన్నం ముట్టలేదు.

వాయిదా దాటింది. బొరియ ఖాళీ చేయించాలని షావుకారు పంచాయితీ పెట్టించాడు. పెద్ద ఏనుగుగారు కూర్చున్నారు. అడవంతా వచ్చింది. చదువుకున్నవాళ్ళ పరువు పోతుంటే చూడడానికి ఎవరికి మాత్రం తీరికుండదు చెప్పండి?

షావుకారు తన గోడు వెళ్ళబోసుకున్నాడు. సంపాదన చూసే అప్పిచ్చానని, పిల్లే సరిగ్గా సంపాదించలేదని అన్నాడు. అలివేలు తలెత్తలేదు.

నాంచారికి ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. స్వామిని తలుచుకుంది. ముళ్ళు దించి, మెల్లగా నక్కగారివైపు తిరిగింది.

"సారూ, ఆ బోర్డు మీద లెక్కలో ఎవరెవరున్నారు?"

నక్కగారు గొంతు సవరించుకున్నాడు. "మందశాస్త్రం చదివినవాళ్ళందరూ ఉన్నారమ్మా. శాస్త్రీయంగా వేశాం. ఏటేటా కొత్తవాళ్ళను కలుపుతాం. అందులో నువ్వూ ఉన్నావు, అయినా సగటు ఇరవైకి తగ్గలేదు."

"చంటిబాబు గారు?"

"ఉండకుండా ఎలా ఉంటారు?"

నాంచారి ఏనుగుగారికి దండం పెట్టింది. "పెద్దయ్యా, ఆయన్ని తీసెయ్యమని నేననను. ఉండనివ్వండి. నా సంపాదన ఇరవై పట్లని బోర్డు చెబుతోంది. నా చేతికొచ్చింది ఒక్కటి. మిగతా పంతొమ్మిదీ ఎవరి కొట్టులో ఉన్నాయో వాళ్ళనే నా అప్పు అడగమనండి. నాతో చదివిన మిగతావాళ్ళదీ అంతే."

కోతులు ఈలలు వేశాయి. చంటిబాబు ఆవలించి, ఏమైందని పక్కవాళ్ళను అడిగాడు.

ఏనుగుగారు తొండంతో వీపు గోక్కుని, షావుకారును ఒకే ఒక్క మాట అడిగారు. "బోర్డు నిజమా, అబద్ధమా?"

షావుకారు చెమటలు తుడుచుకున్నాడు. అబద్ధమంటే, బోర్డులు చూపించి ఇచ్చిన అప్పులన్నీ చెల్లకుండా పోతాయి. గూళ్ళ చదువు, పుట్టల చదువు, అన్నీ. నిజమంటే పోయేది మందశాస్త్రం బాకీ ఒక్కటే. నక్కగారు ఆకాశంలోకి చూస్తున్నాడు.

"నిజమే పెద్దయ్యా," అన్నాడు షావుకారు.

ఇంకేముంది, ఆ సాయంత్రం అడవంతా చూస్తుండగా ఎలుగు షావుకారు తన కుడి గదిలోని తేనెపట్లు మోసుకెళ్ళి తన ఎడమ గదిలో పెట్టుకుని, మందశాస్త్రం బాకీలన్నీ వసూలయ్యాయని ప్రకటించాడు. అలివేలు తన బొరియలోకి వెళ్ళి, కూతురిని దగ్గర కూర్చోబెట్టుకుని కడుపునిండా తింది.

నక్కగారు మాత్రం పెద్దగా బాధపడలేదు. తెల్లారేసరికి కొత్త బోర్డు రాయించాడు: మందశాస్త్రం చదివినవారిలో అప్పు తీర్చనివారు ఒక్కరూ లేరు.

సీట్లన్నీ నిండాయి.

కాబట్టి నీతి ఏమిటంటే, అప్పు ఒంటరిగా చేసినా ఫరవాలేదు, తీర్చేటప్పుడు మాత్రం షావుకారు కొడుకుతో కలిసి తీర్చండి.

మిగతాదంతా మరిచిపోయినా సరే, స్వామి మీమీద కోపం తెచ్చుకోడు. ముళ్ళు దించి, నిలబడి, ఆ లెక్కలో ఎవరెవరున్నారని ఆ పిల్ల అడిగింది చూశారా, ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. ఇంటికెళ్ళి ఇంకొకరికి చెప్పండి. వీలైతే రేపు మీరూ ఒకచోట నిలబడి అడగండి.