చిత్తూరు జిల్లా భూతాల జట్టు

నిరుద్యోగం, కరువు, యువతలో నిరాశ. ఈ మూడింటినీ ఒకే దెబ్బకు కూల్చే ఉపాయాన్ని రాష్ట్ర యువజన మంత్రి చెంగల్రాయుడు గారు రెండువేల నాలుగో సంవత్సరంలో, తిరుపతిలో, ఒక కల్యాణమండపం వేదిక మీద బయటపెట్టారు. ఆ ఉపాయం పేరు భూతాల పోటీ.

"ప్రపంచమంతా కంప్యూటర్లో భూతాలను కొట్లాడించుకుంటా ముందుకు పోతాంటే మనం మాత్రం ఎనకబడి ఉండాల్నా?" అని ఆయన గర్జించారు. "ఇరవై మూడు జిల్లాలూ హైదరాబాదులో పోటీ పడతాయి. జట్టుకు ఆరు భూతాలు. గెలిచిన జట్టుకు స్పోర్ట్స్ సర్టిఫికెట్టు. ఆ సర్టిఫికెట్టు ఉంటే ఎంసీఏ సీటు! కాబట్టి మన జిల్లాలో బలమైన భూతాలను తయారు చెయ్యండి!"

ముందు వరుసలోంచి ఏర్పేడు నాయకుడు చిన్నబ్బ లేచి చేతులు జోడించాడు.

"అయ్యా, ఆరేంది? మా మండలంలో బూతులన్నీ మనయ్యే. పోయిన ఎలక్షన్లో ఒక్కటి గూడా పోనీలేదు."

మంత్రిగారు అతన్ని పేరు పెట్టి మెచ్చుకున్నారు. ఇవి పోలింగు బూతులు కావనీ, తెర మీద నిప్పూ నీళ్ళూ కక్కే బొమ్మలనీ చిన్నబ్బకు నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆలోగా అతను ప్రతి బూతుకూ ఒక ఏజెంటును వేసేశాడు. పార్టీకి అలాంటి కార్యకర్తలే ప్రాణం.

వెనక గోడకు ఆనుకుని నిలబడి ఈ ప్రసంగం విన్న కృపారాణికి ఎంసీఏ సీటు అన్న చోట చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆమెది తడ దగ్గర పులికాట్ గట్టున ఒక ఊరు. నాయన పడవేసుకుని రొయ్యల వేటకు పోతాడు. ఆ ఏడే తిరుపతిలో బీఎస్సీ ముగించింది. ఎంసీఏ ఎంట్రన్సు రాసింది కూడా. వచ్చిన ర్యాంకును చదవాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి.

ర్యాంకు సంగతి ఎట్లా ఉన్నా, భూతాల ఆటలో మాత్రం ఆమెను కొట్టేవాళ్ళు తిరుపతిలో లేరు. మునిచంద్ర ఇంటర్నెట్ సెంటర్లో కౌంటరు చూసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా రెండేళ్ళుగా అదే ఆట. జిల్లా ఎంపిక పోటీ ఆ సెంటర్లోనే పెట్టారు. నలభై ఒక్కమంది మగపిల్లలు వచ్చారు. మధ్యాహ్నం భోజనాల వేళకు నలభై ఒక్కమందీ ఇళ్ళకు పోయారు.

"అదెట్ల మే?" అన్నాడు మునిచంద్ర. "వాళ్ళందరి దగ్గరా డ్రాగన్లుండాయి. నీ దగ్గరేమో తాబేలు, పీత, కొంగ!"

"పడవలో అందరూ వలే లాగితే నీళ్ళు తోడేదెవురన్నా?" అంది కృపారాణి.

ఆమె జట్టు కిటుకు అంతే. రాతి తాబేలు ఎన్ని దెబ్బలైనా తింటుంది. దెబ్బ ఎక్కువైతే నిద్రపోయి తేరుకుంటుంది. కొంగ గాయాలు మాన్పుతుంది. నీటి పీత నిప్పును ఆర్పుతుంది. ముళ్ళకంప నీళ్ళను పీల్చేస్తుంది. నిప్పు నక్క కంపలను కాలుస్తుంది. పిడుగు పిల్లి అందరికంటే ముందు దూకుతుంది. ఒకదాని లోపాన్ని ఇంకొకటి కాస్తుంది. దీనికి ఆమె పెట్టుకున్న పేరు బ్యాలెన్సు.

ఈ బ్యాలెన్సు అనే మాట ఆమె విలేకరుల ముందు అనకుండా ఉంటే బాగుండేది. పేపర్లో ఆ మాట చూడగానే జిల్లా పార్టీ ఉలిక్కిపడింది. నిజమే కదా, బ్యాలెన్సు చూడొద్దా? వెంటనే అతిథిగృహంలో సమతుల్య జట్టు నిర్ణాయక కమిటీ సమావేశమైంది. అధ్యక్షుడు పార్టీ యువజన విభాగం నాయకుడు గిరిప్రసాద్. మినిట్సు రాయడానికి యువజన సంక్షేమాధికారి యోగానంద. సభ్యులు గిరిప్రసాద్, చిన్నబ్బలతో కలిపి ఐదుగురు, ఐదు వర్గాలకు. కృపారాణిని ప్రత్యేక ఆహ్వానితురాలిగా తలుపు దగ్గర కూర్చోబెట్టారు.

"ఆరు భూతాల్లో రెండు మంత్రిగారి వర్గానికి," అని గిరిప్రసాద్ మొదలుపెట్టాడు.

"అదెట్లప్పా? తూర్పు మండలాలకు ఒకటేనా?" అన్నాడు చిన్నబ్బ. "సరే, ఆ ఒక్కటీ డ్రాగనే కావాల."

"మాకూ డ్రాగనే."

"మావోళ్ళకు డ్రాగన్ కాకుండా ఇంకోటి ఇస్తే నేను ఊళ్ళోకి పోలేను."

పావుగంటలో ఆరు స్థానాలకు ఆరు డ్రాగన్లు ఖరారయ్యాయి. యోగానంద "ఏకగ్రీవం" అని రాసుకున్నాడు. కృపారాణి లేచి నిలబడింది.

"సార్, ఆరూ నిప్పు డ్రాగన్లే అయితే అవతలోడు ఒక్క నీటి పీతను దించితే సాలు, అన్నీ ఆరిపోతాయి. గాయాలు మాన్పే కొంగ ఒకటైనా ఉండాల."

"కొంగను ఎవురు తీసుకుంటారు?" అని గిరిప్రసాద్ చుట్టూ చూశాడు.

అందరూ పైకప్పు వైపు చూశారు. "మా వర్గాన్ని కాంపౌండరు పనికి పెడతారా?" అని ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తాబేలు పేరెత్తగానే ఇంకొకాయన వాకౌట్ చేసి, కాఫీ వచ్చిందని తెలిసి మళ్ళీ లోపలికి వచ్చాడు.

అప్పుడే యోగానంద గొంతు సవరించుకుని అసలు బాంబు పేల్చాడు.

"సార్, ఇంగో చిక్కుండాది. ఈ పాపది తడ. అంటే నెల్లూరు జిల్లా. మన జిల్లా జట్టుకు నాన్ లోకల్ ఎట్ల ఆడతాది?"

నలభై ఒక్కమందిని కొట్టినప్పుడు ఎవరూ అడగని ప్రశ్న అది. ఐదుగురు సభ్యులూ ఆమెను కొత్తగా చూశారు. ఎంసీఏ సీటు తలుపు దాటి బయటికి పోతున్నట్టే అనిపించింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అనేసింది.

"సార్, కొట్లాడేది నేను కాదు గదా. భూతాలు. వాటికి మీరు మనోళ్ళ పేర్లు పెట్టండి. తెర మీద పేరే పెద్దగా పడతాది, నేను యాడా కనపడను. పేర్లు మీయి, భూతాలు నాయి."

గిరిప్రసాద్ మెల్లగా కళ్ళు మూసి తెరిచాడు.

"పేర్లు మాయి?"

"మీయే సార్."

"తెర మీద పడతాయా?"

"ఇంత లావుగా పడతాయి."

"రాసుకో యోగానందా. జట్టు సభ్యులు ఆరుగురు, అందరూ లోకల్."

తమ పేర్లు పెట్టుకోవడానికి కూడా నాయకులెవరూ ఒప్పుకోలేదు. అంత నిరాడంబరులు. "మాకెందుకులే, పెద్దోళ్ళమైపోతిమి. పిల్లోళ్ళ పేర్లు పెట్టు," అని చిన్నబ్బ తన కొడుకు పేరూ, ఇంటిపేరూ, పుట్టిన తేదీ చెప్పాడు. మిగతా వాళ్ళూ కొడుకుల పేర్లూ తేదీలూ చెప్పారు. గిరిప్రసాద్ తన తమ్ముడి పేరిచ్చాడు. మంత్రిగారి మేనల్లుడు హేమాద్రి పేరు ఫోన్లో వచ్చింది. భూతానికి పుట్టిన తేదీ ఎందుకని కృపారాణి అడగలేదు. అడిగితే మళ్ళీ తడ విషయం ఎక్కడ లేస్తుందోనని భయం.

బయట మునిచంద్ర టీ తాగుతూ నిలబడి ఉన్నాడు. విషయం విని నవ్వాడు.

"ఉత్త పేర్లే గదా మే. తాబేలు నీదే, కొంగ నీదే. పో, గెలిసి రా."

ఆ రాత్రి హాస్టల్లో ఆమె నాయనకు ఉత్తరం రాసింది. తన తెలివికి తనే మురిసిపోతూ, పేర్ల సంగతి రెండుసార్లు రాసింది.

హైదరాబాదులో ఒక స్టేడియం. సినిమా హాల్లో ఉన్నంత తెర. ముందు వరుసలో మంత్రులు, వెనక కార్యకర్తలు, వాళ్ళ వెనక జెండాలు. పోటీ మొదలైన గంటకే కృపారాణికి ఒక సంగతి అర్థమైంది. మిగతా ఇరవై రెండు జిల్లాల్లోనూ కమిటీలు సమావేశమయ్యాయి. అన్నిచోట్లా ఏకగ్రీవమే. ఎవరి జట్టు చూసినా ఆరు డ్రాగన్లు.

ఒక్కొక్క జిల్లానే ఆర్పుకుంటూ సాయంత్రానికి ఫైనలుకు చేరింది. అవతలి జట్టును ఆడించేవాడు ఆమెకంటే వేగం. అతని డ్రాగన్లు మామూలువి కావు. మొదటి పది నిమిషాల్లో పిడుగు పిల్లి పోయింది, కంప కాలిపోయింది, నక్క కూలిపోయింది. కృపారాణి ఓడిపోతే మళ్ళీ ఊరికి పోయి గట్టున రొయ్యలు ఏరి గంపలకెత్తాలి. ఆ పని ఆమెకు బాగా వచ్చు. వచ్చు కాబట్టే భయం.

ఆమె తాబేలును దించింది. తెర మీద "హేమాద్రి" అని బారెడు అక్షరాలు పడ్డాయి. కార్యకర్తలు ఈలలు వేశారు. డ్రాగన్ నిప్పు కక్కింది. హేమాద్రి నిద్రపోయాడు.

"హేమాద్రి నిద్రపోయాడు!" అని వ్యాఖ్యాత మైకులో అరిచాడు.

"సూడండప్పా, మా మేనల్లుడు!" అని చెంగల్రాయుడు గారు లేచి నిలబడ్డారు. "ఎంత నిబ్బరం!"

నిద్రపోయే తాబేలు మీద డ్రాగన్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఉన్న శక్తంతా కక్కేశాయి. దాని వీపు పగుళ్ళిచ్చినప్పుడల్లా కృపారాణి కొంగను పిలిచి మాన్పించి, మళ్ళీ నిద్రపుచ్చింది. ముప్పావుగంట అలాగే సాగింది. ఆఖరికి అలసిపోయిన డ్రాగన్ల మధ్యకు పీతను వదిలింది. ఆరూ ఆరిపోయాయి.

స్టేడియం దద్దరిల్లింది. కృపారాణి కుర్చీలోంచి లేచింది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియలేదు. మంత్రిగారు గజమాల పట్టుకుని వేదిక ఎక్కి, సూటిగా వచ్చి, కంప్యూటరుకు వేశారు. ఫోటోగ్రాఫర్లు చుట్టుముట్టారు.

"కొంచెం పక్కకు జరగమ్మా, పేర్లు కనబడటం లేదు."

ఆమె జరిగింది. మరునాడు పేపర్లో ఆ ఫోటో మొదటి పేజీలో వచ్చింది. తడ బస్టాండులో పేపరు కొన్న వాళ్ళ నాయన, దాన్ని చాలాసేపు తిప్పితిప్పి చూసి, పక్కింటి ఫోను నుంచి మాట్లాడాడు. "ఈ అంచున ఉండేది నీ మోచెయ్యే గదా పాపా?"

"అవును నాయనా."

"నేను జెప్తే మీ యమ్మ నమ్మలేదు."

నెల తర్వాత కౌన్సెలింగు. స్పోర్ట్స్ కోటా కౌంటరు ముందు కృపారాణి సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని నిలబడింది. లోపలున్న గుమాస్తా మంచివాడు. చిత్తూరు జిల్లా భూతాల జట్టు కాగితాలను ఆమెకే చూపించాడు. ఆరుగురి పేర్లు, ఆరుగురి పుట్టిన తేదీలు. ఎత్తు, బరువు వగైరా వివరాలు తెర మీద ఉన్నవి ఉన్నట్టే దించారు. చిన్నబ్బ కొడుకు ఎత్తు రెండడుగులు, కాళ్ళు పది. "శారీరకంగా సర్వవిధాలా యోగ్యుడు" అని కింద ఒక డాక్టరు సంతకం చేశాడు.

"నా పేరు లేదే సార్?"

గుమాస్తా కాగితాలు మళ్ళీ తిరగేశాడు. యోగానంద రాసిన మినిట్సు కూడా జత చేసి ఉంది. ఆమె అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా అందులో ఉన్నాయి.

"కొట్లాడేది నేను కాదని నువ్వే చెప్పినట్టు ఉండాదే? ఈ లిస్టులో ఉండేది ఆడినోళ్ళ పేర్లమ్మా," అన్నాడతను, ఎంతో ఓపికగా. "నువ్వు ఆడించినావు."

"మరి ఆడించినోళ్ళకు?"

"ఆ కోటా ఇంకా రాలేదు."

ఆమె పక్కకు తప్పుకుంది. వెనక వరుసలో ఆరుగురు కుర్రవాళ్ళు ఇస్త్రీ చొక్కాలతో నిలబడి ఉన్నారు. అందులో ఒకడు, తెల్లగా బొద్దుగా ఉన్నవాడు, ఆమెను గుర్తుపట్టి గబగబా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నువ్వేగదా కంప్యూటరు కాడ కూర్చోనింది? నేను హేమాద్రిని. లోపల ఏమన్నా అడగతారేమోనని భయంగా ఉండాది. నేనేం భూతమో మా మామ చెప్పలేదు."

కృపారాణి అతన్ని ఎగాదిగా చూసింది. కోపం తెచ్చుకుందామనుకుంది కానీ అతని మొహంలో నిజంగానే భయం ఉంది. గదిలోంచి ఎవరో అతని పేరు పిలిచారు.

"తాబేలు," అంది.

"ఫైనలు గెలిసింది నేనేనంట గదా. ఎట్ల గెలిసినానక్కా?"

"నిద్రపోయి."

హేమాద్రి మొహం విప్పారింది. చొక్కా సర్దుకుని గదిలోకి నడుస్తూ వెనక్కి తిరిగాడు.

"అట్లయితే ఏం భయం లేదులే అక్కా," అన్నాడు. "అది నాకొచ్చు."