యుద్ధకాలపు డ్రమ్ములూ, మా అత్తగారూ

మా అత్తగారింట్లో నీళ్ళ హీటరు చెడిపోవడం నా అదృష్టమని ఒక శనివారమంతా అనుకున్నాను. ఆ తర్వాత అనుకోలేదు.

నా పేరు ఫ్లోరియన్ డూడెక్. వారానికి ఐదు రోజులు షికాగో సిటీ బస్సులకు బ్రేకులు బాగుచేస్తాను. మిగతా రెండు రోజులూ పాత డ్రమ్ములు చూస్తాను. వాయించను, చూస్తానంతే. ఏ డ్రమ్ము ఏ ఏడాది ఏ ఫ్యాక్టరీలో పుట్టిందో, దాని మీది బిళ్ళ ఆకారం, మరల వరస, లోపలి చెక్క అంచు చూసి చెప్పేస్తాను. "డ్రమ్ముల పుట్టినరోజులన్నీ తెలుసు, నా పుట్టినరోజు మాత్రం ఏటా నేనే గుర్తు చెయ్యాలి" అంటుంది మా ఆవిడ ఐరీన్. నిజమే. కానీ ఐరీన్ లోపల ఎవరూ తేదీ ముద్ర వెయ్యలేదు కదా.

మా అత్తగారు యాద్విగాకి డెబ్బై నాలుగేళ్ళు. మామగారు పోయాక ఒంటరిగా ఉంటోంది. ఆ రోజు హీటరు సంగతి చూద్దామని ఆవిడ నేలమాళిగలోకి దిగాను. హీటరు వెనక, పాత కిటికీ తెరల కింద, గుండ్రంగా ఏదో కనిపించింది. తెర ఎత్తాను.

డ్రమ్ సెట్. ఒకప్పటి ముత్యపు తెలుపు, వయసు మీద పడి వెన్న రంగుకి తిరిగింది. నా గుండె ఆగింది మాత్రం రంగు చూసి కాదు. చర్మాన్ని బిగించే మరలు పట్టుకునే దిమ్మలు ఇత్తడివి కావు. కొయ్యవి.

అంటే పంతొమ్మిది వందల నలభై మూడు. దేశంలో ఉన్న లోహమంతా ట్యాంకులకీ తుపాకులకీ పోతున్న రోజులు. డ్రమ్ములో లోహం దాని బరువులో పదో వంతుకి మించకూడదని ప్రభుత్వం ఆంక్ష పెడితే, ఫ్యాక్టరీలు ఆ దిమ్మల్ని రోజ్‌వుడ్‌తో చెక్కించాయి. యుద్ధం అయ్యాక చాలామంది వాటిని పీకేసి ఇత్తడివి పెట్టించుకున్నారు. అలాంటి సెట్టుని నేను ఫొటోల్లో తప్ప చూడలేదు. తెలియకుండానే మోకాళ్ళ మీద కూర్చున్నాను. చర్చిలో కూడా అంత తొందరగా మోకరిల్లను.

టార్చి పట్టుకుని అంగుళం అంగుళం వెతికాను. ఎవరైనా ఒక్క రంధ్రం అదనంగా పొడిచి ఉంటే ధర సగానికి పడిపోతుంది. ఒక్కటీ లేదు.

"దొరికిందా నాయనా?" అని పైనుంచి కేకేసింది అత్తగారు.

"దొరికిందత్తయ్యా" అన్నాను.

ఆవిడ హీటరులో లోపం గురించి అడిగిందని అప్పటికి నాకు గుర్తు లేదు.

హీటరు ఎలాగో బిగించి పైకొచ్చేసరికి పథకం సిద్ధంగా ఉంది. ఆవిడ పిరోగీలు, అంటే బంగాళదుంప కూరిన పోలిష్ కుడుములు, వడ్డించింది. నేను ఉప్పు అడిగినంత మామూలుగా మొదలుపెట్టాను.

"కింద ఏవో పాత డ్రమ్ములున్నాయత్తయ్యా. బూజు పట్టిపోయాయి."

"అలాగా."

"ఇత్తడి దిమ్మలు ఊడిపోతే ఎవరో చెక్కతో అతుకులేసినట్టున్నారు. మొద్దు పని."

ఆవిడ గరిటె ఆగింది. "మొద్దు పనా?"

"వడ్రంగం రానివాడెవడో కాళ్ళతో చెక్కాడనుకోండి."

"కాళ్ళతో" అని ఆవిడ నెమ్మదిగా అంది.

"హీటరు పనికి నాకేమీ ఇవ్వద్దు. ఆ చెత్త నేనే తీసుకెళ్ళి పారేస్తా. అల్లుడన్నాక ఆమాత్రం చెయ్యనా?"

ఆవిడ నేను అడక్కుండానే ఇంకో రెండు పిరోగీలు వేసింది. పాతికేళ్ళ అల్లుడరికంలో ఎన్నడూ జరగని విషయం. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. తిన్నాను.

"పారేసే ముందు తెలిసినవాళ్ళెవరికైనా చూపిద్దాం. నీకు డ్రమ్ముల స్నేహితుడెవరో ఉన్నాడుగా. రేపు చర్చిలో పూజ అయ్యాక తీసుకురా" అంది.

ఇంటికెళ్ళగానే ఐరీన్ నా మొహం చూసింది. "ఏంటలా వెలిగిపోతున్నావు? మా అమ్మ తిట్టలేదా?"

"మీ అమ్మగారింట్లో చెత్త తీసేస్తున్నా."

"మన చెత్తడబ్బా మూడు రోజుల్నుంచి నిండిపోయి ఉంది. దాని మీద లేని ప్రేమ మా అమ్మ చెత్త మీద ఎందుకొచ్చింది?"

"పెద్దవాళ్ళకి సాయం చెయ్యాలి ఐరీన్."

"అయితే రేపు నేనూ వస్తా. నువ్వు సాయం చేస్తుండగా ఇంతవరకూ చూళ్ళేదు."

నా స్నేహితుణ్ణి అందరూ నంబర్ల లెనీ అంటారు. సొంత ఇంటి ఫోన్ నంబరు చీటీ చూసి చెప్తాడు కానీ, వెయ్యి డ్రమ్ముల సీరియల్ నంబర్లు నిద్రలో అడిగినా చెప్తాడు. మర్నాడు కారులో అతనికి పాఠం చెప్పాను. "నువ్వు ఒక్క మాట అంటే చాలు. చెత్త. అంతే. ఆ సెట్టులో చిన్నది, స్నేర్ డ్రమ్ము, నీకిస్తా."

"చెత్త" అన్నాడు లెనీ. దారి పొడుగునా సాధన చేశాడు. కోపంగా చెత్త, జాలిగా చెత్త, ఏమీ పట్టనట్టు చెత్త.

నేలమాళిగలో అత్తగారు చేతులు కట్టుకుని నిలబడింది. ఐరీన్ మెట్టు మీద కూర్చుంది. నేను తెర తీశాను. లెనీ టోపీ తీశాడు.

"చె..." అన్నాడు.

"చెప్పు నాయనా" అంది అత్తగారు.

"చె... చెయ్యెత్తి దణ్ణం పెట్టాలండీ దీనికి" అన్నాడు లెనీ. కళ్ళు నిండిపోయాయి. "ఒక్క మర మారలేదు. ఒక్క చిల్లు పడలేదు. నాలుగు వేల డాలర్లకి సెంటు తగ్గదు."

ఐరీన్ మెల్లగా నా వైపు తిరిగింది. ఆ చూపుకి బస్సైనా ఆగిపోతుంది.

లెనీకి ఇక మేమెవరమూ కనపడలేదు. పెద్ద డ్రమ్ము ముందు చర్మం విప్పి, టార్చితో తల లోపల పెట్టాడు. లోపల్నుంచి చిన్న మూలుగు వినిపించింది. బయటికొచ్చి నేల మీద కూలబడ్డాడు.

"జె.కె." అన్నాడు. "పెన్సిలుతో రాసుంది, ఫ్లోరియన్. జె.కె."

మాలాంటివాళ్ళకి అది మామూలు మాట కాదు. ఆ రెండక్షరాలున్న డ్రమ్ముల్లో యాభై అయిదేళ్ళయినా ఒక్క దిమ్మ పగిలినట్టు ఎవరూ వినలేదు.

"ఆయన మహానుభావుడండీ" అని లెనీ అత్తగారికి వివరించాడు. "యోహాన్ క్రౌస్. జర్మనీ నుంచి వచ్చిన ముసలి వడ్రంగి. మా డ్రమ్ముల సంఘం పత్రికలో ఆయన మీద నాలుగు పేజీలు రాశాను. పెద్ద గడ్డం ఉండేది."

"గడ్డం ఎప్పుడూ లేదు" అంది అత్తగారు.

లెనీ టార్చి ఆవిడ మొహం మీదికి తిప్పాడు.

"యాద్విగా కోవాల్‌చిక్. పెళ్ళికి ముందు నా పేరు. పోలిష్‌లో 'యా'ని జె అక్షరంతో రాస్తాం. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. మగాళ్ళంతా యుద్ధానికి పోతే ఫ్యాక్టరీలో మా ఆడాళ్ళమే మిగిలాం. ఆ దిమ్మలు చెక్కింది నేను. ఈ సెట్టు జీతంలో కోయించుకుని కొనుక్కున్నా." ఆవిడ నా వైపు చూసింది. "చెక్కింది చేతులతోనే."

నేను హీటరు వెనక్కి వెళ్ళి నిలబడదామా అని ఆలోచించాను. చోటు లేదు.

"అమ్మా, నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది ఐరీన్.

"మీ నాన్నమ్మకి మాటిచ్చానే. డ్రమ్ములు వాయించే కోడలు వద్దంది. కింద పెట్టి తెర కప్పేశా."

"మళ్ళీ ఒక్కసారి కూడా వాయించలేదా?"

"ఆవిడ చర్చికెళ్ళినప్పుడు వాయించేదాన్ని. పాపం చాలా భక్తిపరురాలు. రోజూ వెళ్ళేది."

లెనీ విప్పిన చర్మాన్ని మళ్ళీ బిగించాడు కానీ, చెమ్మకి దూడతోలు వదులైపోయింది. అత్తగారు తీగకి వేలాడుతున్న బల్బుని దగ్గరికి లాగి, తోళ్ళని రొట్టెలు కాచినట్టు కాచింది. వేలితో తట్టి చూసుకుంది. రంగు డబ్బా ఒకటి బోర్లించి కూర్చుని, కర్రలు అందుకుంది.

మొదట స్నేర్ మీద వాన చినుకుల్లా మొదలైంది. తర్వాత పెద్ద డ్రమ్ము కలిసింది. పెళ్ళిళ్ళలో వాయించే పోల్కా అది. పైనున్న గొట్టాల మీద దుమ్ము రాలింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. మోకాలి నొప్పని మెట్టు మెట్టుకీ ఆగే మనిషి కాలు, గుర్రం కాలులా ఆడుతోంది. డెబ్బై నాలుగేళ్ళ ఆ ముఖంలోంచి నేనెన్నడూ కలవని పంతొమ్మిదేళ్ళ అమ్మాయి బయటికొచ్చి నవ్వుతోంది. పదిహేనేళ్ళుగా డ్రమ్ముల ధరలు చెబుతున్నాను. ఒక డ్రమ్ముని వినడం అదే మొదటిసారని అప్పుడు తెలిసింది. ఐరీన్ చెయ్యి నోటికి అడ్డంగా ఉంది. లెనీ బాహాటంగా ఏడుస్తున్నాడు. నేను మాత్రం టార్చి వేడికి కళ్ళు చెమర్చాయని సర్దిచెప్పుకున్నాను.

ఆపి, ఆవిడ కర్రలు ఒళ్ళో పెట్టుకుంది. "చెత్త తీసుకెళ్ళడానికి కారు తెచ్చావుగా, ఫ్లోరియన్."

"అత్తయ్యా, నన్ను క్షమించండి. నేను..."

"అది తర్వాత. ముందు ఎత్తు. రెండింటికి మన చర్చి పారిష్ హాల్లో భోజనాలు. అకార్డియన్ వాయించే ఆయనకి ఆర్నెల్లుగా డ్రమ్ము తోడు లేదు. నేనొస్తానని నిన్నే ఫోన్ చేసి చెప్పా."

"నిన్ననా?"

"నువ్వు పిరోగీలు తిని అటు వెళ్ళగానే. ఇన్నాళ్ళూ మోసేవాళ్ళు లేక ఆగా. ఉత్తినే మోస్తానని నువ్వే అన్నావు."

"నాకు స్నేర్ ఇస్తానన్నాడండీ" అన్నాడు లెనీ దీనంగా.

"ఇస్తాడు. జాగ్రత్తగా పట్టుకెళ్ళు" అంది ఐరీన్.

హాలు నేలకి ఆ వారమే మైనం పూశారు. అత్తగారు మొదటి పాట ఎత్తుకునేసరికి సగం ఊరు లేచి ఆడటం మొదలుపెట్టింది. పాట అయ్యేసరికి పెద్ద డ్రమ్ము జారి జారి అడుగు ముందుకొచ్చింది. అడ్డం పెట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని అత్తగారు చుట్టూ చూసింది. ఇటుక లేదు, కుర్చీలన్నీ నిండాయి. చివరికి నా వైపు చూసింది.

అలా నేను నేల మీద బాసింపట్టు వేసుకుని, ఆడేవాళ్ళకి ఎదురుగా, వీపు ఆ డ్రమ్ము కట్టుకి ఆనించి కూర్చున్నాను. ప్రతి దెబ్బా వెన్నులోంచి దూరి దవడలో తేలింది. లెనీ కాళ్ళు తొక్కుతూ ఆడుతుంటే ఐరీన్ అతన్ని లాక్కుంటూ నా పక్కనుంచే రెండుసార్లు వెళ్ళింది. రెండోసారి నవ్వింది కూడా.

మంచి కోటు వేసుకున్న ఒకాయన వచ్చి కొయ్య దిమ్మల వైపు కళ్ళార్పకుండా చూశాడు. వంగి నా చెవిలో అడిగాడు. "దీని ఓనరు మీరేనా?"

"కాదండీ. జారకుండా అడ్డం పెట్టారు."

"కదలకు, ఫ్లోరియన్" అంది వెనకనుంచి అత్తగారు. "ఇంకా ఆరు పాటలున్నాయి."