దుఃఖానికి ఒక్క చుక్క చాలు

ముందుగాల నా తప్పులను మాఫీ చెయ్యాలె. నేను బలపం పట్టింది యాభై ఆరో ఏట. ఒత్తులు ఎక్కడన్న జారిపోతే మీరే ఎత్తిపెట్టుకొని చదువుకోండి. ఈ కాగితం రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అంతలో మా కొడుకు దశరథం రెండు చీరెలు నేసి మగ్గం దింపిండు.

ఇక నా వాదన వినండి. పిల్లలకు మనసు సంగతులను బొమ్మలతో, కథలతో నేర్పే చదువు ఒకటి వచ్చింది చూడండి, అంతకు మించిన వరం ఈ లోకంలో లేదు!

రెండేండ్ల కింద మా ఊళ్ళో సమితి వాళ్ళు బాలవాడి తెరిచిండ్రు. గోడకు పెద్ద అట్ట ఒకటి వేలాడదీసిండ్రు. దాని మీద నాలుగు గడులు, నాలుగు ముఖాలు. సంతోషం, దుఃఖం, కోపం, భయం. సంతోషానికి మూతి పైకి. దుఃఖానికి మూతి కిందికి, కంటి కింద ఒకే ఒక్క చుక్క. అంతే! మనిషి మనసు మొత్తం ఒక అట్ట మీద పట్టింది. మనుమరాలిని దింపపోయి, గోడకు ఆనుకొని కూర్చొని, అక్షరాలతో పాటు ఆ ముఖాలు కూడా నేర్చుకున్న.

అంతకు ముందు మా సాలెవాడ ఎంత అజ్ఞానంలో ఉండెనో! సాంబయ్య రోజూ పెండ్లాంతో కొట్లాడేటోడు. కానీ దాన్ని కోపం అంటరని ఆయనకు తెలుసా? ఇప్పుడు బాలవాడి కిటికీలోంచి అట్టను చూసి, మూతి సరిచూసుకొని, ఆ తర్వాత ఇంటికి పోయి పద్ధతిగా కొట్లాడుతుండు. అభివృద్ధి అంటే ఇదే కదా!

కష్టం ఒక్క మా ఊరి కొండల్‌రావు దొర ముఖంతోనే వచ్చింది. ఏడాది పొడుగునా ఆయనకు ఒకటే ముఖం. అది ఏ గడిలోకి వస్తదో తోచక టీచరమ్మ అట్టను తిరగేసి వెనుక కూడా చూసింది.

కథలు సరేసరి. టీచరమ్మ సరళాదేవి మంచి మనిషి, చల్లగా చెప్తది. "కోడిపుంజు కొండెక్కింది. మబ్బులు చూసింది. ఇప్పుడు దానికి ఎలా అనిపించింది?" అని అడిగింది ఒకనాడు. మా పక్కింటి ఐలవ్వ మనుమరాలు లేచి "కూరైతనని భయమైంది టీచరమ్మా!" అన్నది.

"కొండ మీద కూర ఎవరు వండుతారే?"

"సుట్టాలొస్తే కొండ మీదికైన ఉరికి పట్టుకొస్తరు!"

పుంజు మనసు అంత బాగా తెలిసిన పిల్లలు ఇంకెక్కడన్న ఉన్నరా?

మొన్న పైనుంచి ఒక ఆఫీసరమ్మ జీపులో వచ్చింది. నేను ఎప్పటిలెక్కనే గోడకు ఆనుకొని ఉన్న. "దుఃఖం ఎలా ఉంటుందో ఎవరు చూపిస్తారమ్మా?" అని అడిగింది. పిల్లలందరూ వేలు నాలుకకు అద్ది, కంటి కింద చుక్క పెట్టుకొని, మూతి కిందికి వంచిండ్రు. ముప్పై మూతులు ఒకటే తీరు! ఆఫీసరమ్మ మురిసిపోయింది.

అప్పుడు నా మనుమరాలు బాలలక్ష్మి లేచింది. ఐదేండ్ల పిల్ల. నేరుగా పోయి ఆఫీసరమ్మ మెడను రెండు చేతులా కావలించుకొని, చావు ఇంట్లో మా వాడ ఆడవాళ్ళు పెట్టినట్టే, రాగం తీసి శోకం పెట్టింది.

"జమ్మికుంటకు పోయినవంట అవ్వా...
బస్సు రోజూ వస్తున్నది, నువ్వు రాకపోతివి అవ్వా...
చీరెలన్ని పెట్టెల్నే ఉన్నయ్ అవ్వా...
ఏం కట్టుకొని పోయినవు అవ్వా..."

మా దిక్కు అవ్వ అంటే తల్లి. దాని తల్లి, నా కోడలు రాజం, పోయిన ఏడు కార్తీకంలో జ్వరంతో చనిపోయింది. ఆ పొద్దు పిల్లను ఐలవ్వ ఇంట్లో దాచినం. 'మీ అవ్వ జమ్మికుంటకు, తల్లిగారింటికి పోయింది' అని చెప్పింది నేనే. అప్పటి సంది రోజూ అదే చెప్తున్న. మరి శోకం ఎక్కడ నేర్చింది అంటరా? ఊళ్ళో ఎవరు పోయినా, ఇంట్లో చూసే దిక్కు లేక దాన్ని సంకనేసుకొని తీసుకపోయింది కూడా నేనే! మంది చావులన్నీ చూపించిన. దాని తల్లిది ఒక్కటే దాచిన.

శోకం పెట్టి మెడ పట్టుకుంటే, అవతలి మనిషి కూడా పట్టుకొని ఏడ్వాలె. అది మా రివాజు. ఆఫీసరమ్మకు తెలియదు పాపం. పిల్ల చేతులు విడిపించుకొని, కుచ్చెళ్ళు సరిచేసుకొని, "ఇది కొంచెం ఎక్కువైందండీ. పిల్లలకు ఒక్క చుక్క చాలు" అన్నది. బుక్కులో రాసుకున్నది కూడా. టీచరమ్మ మాత్రం అట్ట దిక్కు తిరిగి, సక్కగ ఉన్న అట్టనే మళ్ళీ సక్కజేసింది.

ఇంటి దారిలో బాలలక్ష్మి అడిగింది. "బాపమ్మా, నేను తప్పు ఏడ్సిన్నా?"

"లేదు బిడ్డా. సక్కగనే ఏడ్సినవు."

"మరి నువ్వెందుకు పట్టుకోలే?"

దాన్ని సంకనేసుకొని బిరబిర ఇంటికి నడిచిన.

ఇంకా పొద్దు ఉండంగనే పెట్టె తీసిన. రాజం చీరె దాని ఒళ్ళో పెట్టి, "మీ అవ్వ జమ్మికుంట పోలే బిడ్డా, సచ్చిపోయింది" అని చెప్పిన. ఇద్దరం మెడలు పట్టుకొని వాడంతా వినేటట్టు శోకం పెట్టినం. దశరథం మగ్గం ఆపి వచ్చి తలుపు దగ్గర కూర్చున్నడు. ఐలవ్వ ఉరికొచ్చింది.

"ఎవలు పోయిండ్రే చంద్రవ్వా?"

"రాజం పోయిందే."

"ఏడాదాయె గదనే! నీకు పిచ్చిగిట్ల లేసిందా?"

"మా ఇంట్ల ఇయ్యాలనే తెలిసింది."

ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకొని మా పక్కన కూలబడ్డది.

కాబట్టి ఆఫీసరమ్మ గారూ, ఈ కాగితం మీ చేతికొస్తే, బుక్కులో ఏం రాసుకున్నా సరే, ఆ అట్టను తీసెయ్యకండి, మీకు దండం పెడుత. మళ్ళీ అచ్చు వేయించినప్పుడు మాత్రం ఐదో ముఖం ఒకటి చేర్పించండి. పిల్లలకు అబద్ధం చెప్పే పెద్దమనిషి ముఖం. గీయడం ఏమంత కష్టం కాదు, మూతి నవ్వుతుంటది. చూసి గీయడానికి బొమ్మలాయనకు ఎదురుంగ కూర్చునే మనిషి కావాలంటే అడ్రసు కింద ఇస్తున్న. ఏ పూటైనా రావచ్చు.

చంద్రవ్వ,
వయసు యాభై ఎనిమిది,
ఉంటున్నది చొప్పదండి దగ్గర, సాలెవాడలో.