పిలుపు బంట్రోతు నియామకం

మా మున్సిపల్ కోర్టులో సిబ్బంది కొరత లేదని ముందుగా మనవి చేస్తున్నాను. మంజూరైన పోస్టులు పది. తొమ్మిది నిండుగా ఉన్నాయి. ఖాళీగా ఉన్నది ఒక్కటే, గుమ్మంలో నిలబడి కక్షిదారుల పేర్లు మూడుసార్లు పిలిచే బంట్రోతు పోస్టు. పిలిచేవాడు లేక ఆరేళ్ళుగా ఒక్క కేసూ విచారణకు రాలేదు. ఆరేళ్ళుగా ఒక్క తప్పుడు తీర్పూ ఇవ్వని కోర్టుగా చుట్టుపక్కల మాకు మంచి పేరుంది.

కేసుల్లేవు గదా అని మిగతా తొమ్మిదిమందీ చేతులు ముడుచుకు కూర్చున్నారనుకుంటే పొరపాటు. పిలుపుల రిజిస్టరు గుమాస్తా రోజూ పదకొండింటికి 'నేడు ఎవరినీ పిలవలేదు' అని గుండ్రటి అక్షరాలతో రాస్తాడు. రాసింది నిజమేనని సంతకం పెట్టడానికి ఇంకో గుమాస్తా ఉన్నాడు. టైపిస్టు ఉన్నాడు గాని యంత్రం చెడిపోయింది. దాన్ని బాగుచేసే మేస్త్రీ కూడా సిబ్బందిలోనే ఉన్నాడు గాని అతనికి పనిముట్లు లేవు. పనిముట్లకు అర్జీ పెట్టాలంటే టైపు చేసి పెట్టాలి. వీళ్ళను అదుపులో ఉంచే హెడ్డు గుమాస్తాకు నిబంధనల పుస్తకం కంఠతా వచ్చు. ఇంట్లో మనవరాలు ఆకలేస్తోందన్నా 'ఏ నిబంధన కింద?' అని అడుగుతాడని వాళ్ళావిడే చెప్పుకుంటుంది.

ఇక ఎవరి కింద ఎవరు అన్న సంగతి. గోడమీద ఎనామిల్ రంగుతో రాసిన బోర్డు ఉంది. దాన్ని రాయడానికి పెయింటరు తెల్లవారుతూనే వచ్చాడు. ఎవరు పైనో ఎవరు కిందో చెప్పే దిక్కులేక, వచ్చినవాళ్ళను వచ్చిన వరసలో రాసుకుంటూ పోయాడు. ఆరింటికే వచ్చిన చీపురు ముసలమ్మ అందరికంటే పైన ఉంది. పదకొండున్నరకు దయచేసిన జడ్జిగారు అట్టడుగున, పగిలిన సున్నం పక్కన ఇరుక్కున్నారు. బోర్డు మార్చాలంటే బోర్డులో పైనున్నవారి అనుమతి కావాలని హెడ్డు గుమాస్తా తేల్చాడు. ముసలమ్మ ఇవ్వనంది. అప్పట్నించీ జడ్జిగారు సెలవు కావలసివస్తే ఆమెకే అర్జీ పెట్టుకుంటున్నారు. చెత్త ఎత్తే వేళప్పుడు అడిగితే మంజూరు కాదని ఆయనకు అనుభవం మీద తెలిసింది.

ఇంత సజావుగా నడుస్తున్న సంస్థలోకి ఇస్త్రీ బండి ఆవిడ వచ్చిపడింది. బండి రోడ్డుకు అడ్డంగా ఉందని ఆక్రమణల ఇన్‌స్పెక్టరు దాన్ని పట్టుకొచ్చి, సాక్ష్యం కింద కోర్టు వరండాలో పెట్టించాడు. ఇప్పుడది వరండాకు అడ్డంగా ఉంది. అయితే వరండా రోడ్డు కాదు గనక అది నేరం కిందికి రాదు. బండి మీద తొమ్మిదిమంది సిబ్బందీ తమ అన్నం క్యారియర్లు వరసగా పెట్టుకున్నారు. ఇస్త్రీపెట్టె మంచి బరువుగా ఉందని, కాగితాలు ఎగిరిపోకుండా ఫైళ్ళ కట్ట మీద ఉంచారు.

బండి పోయాక ఆవిడ అరువు తెచ్చుకున్న పెట్టెతో ఇంట్లో ఉన్న ఒక్క మంచం మీదే పని చేసుకుంటోంది. మంచం మీద వీధిలోవాళ్ళ బట్టలు, నేల మీద అత్తా, మొగుడూ, ఇద్దరు పిల్లలూ. తన నడుము పడిపోయేలోగా బండి తీసుకురాకపోతే తానే వెళ్ళి కోర్టులో ఆ బండి ఎక్కి పడుకుంటానని అత్త గడువు పెట్టేసింది.

"అయ్యా, ఎనిమిది నెలల్నించి తిరుగుతున్నాను. నా బండిని నేను చూసి పోవడమేనా?" అని ఆవిడ హెడ్డు గుమాస్తాను అడిగింది.

"పిలిస్తే గదమ్మా కేసు. పిలిచేవాడు లేడు."

"మీరే ఓ కేక వెయ్యండి."

"నేను పిలిపించేవాణ్ణి. పిలవకూడదు."

ఆవిడ ఆ మర్నాటి నుంచి వరండాలో తన బండి చక్రానికి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. దీనివల్ల న్యాయానికి ఇబ్బంది లేకపోయినా ఊడవడానికి ఇబ్బందయింది. పదో రోజున ముసలమ్మ చీపురు ఆపింది.

"ఏమే అమ్మాయ్, నీకు గొంతుందా?"

"మా ఆయన్ని అడుగు పెద్దమ్మా. సందు చివర పేకాటలోంచి లేచొస్తాడు."

"అయితే లేచి ఆ గుమ్మంలో నిలబడు. ఇక్కడ ఊడవాలి."

హెడ్డు గుమాస్తా ఆ మాటను నియామకపు ఉత్తర్వుగా నమోదు చేశాడు. పై అధికారి నిర్ణయం గనక జడ్జిగారు కాదనలేదు. పైగా సభ పెట్టి ప్రసంగించారు. "న్యాయదేవతకు కళ్ళకు గంతలున్న సంగతి లోకానికి తెలుసు. ఆరేళ్ళుగా మన న్యాయదేవతకు గొంతు కూడా లేదు. నేడు గొంతు వచ్చింది. ఇక చెవులు మంజూరు చేయవలసిందిగా పైకి రాస్తున్నాము." అందరూ చప్పట్లు కొట్టారు. ముసలమ్మ మాత్రం సభ అయ్యాక కాగితం ముక్కలెవరు ఏరుతారని అడిగింది.

కేసులు వరసగా తియ్యాలి. ఆరేళ్ళనాటి ఫైలు కట్ట అడుగున ఉంది. దాన్ని లాగితే మొత్తం కూలుతుందని పైదే తీశారు. అది ఇస్త్రీపెట్టె కింద ఉన్న ఇస్త్రీ బండి కేసు.

ఇక్కడో చిక్కు వచ్చింది. పిలిచే మనిషి గుమ్మం బయట ఉండాలి. పలికే మనిషి లోపల ఉండాలి. హెడ్డు గుమాస్తా గంటసేపు పుస్తకం తిరగేసి, ఆవిడ ఒక కాలు బయటా ఒక కాలు లోపలా వేసి నిలబడవచ్చనీ, బయటి కాలును ఉద్యోగిగానూ లోపలి కాలును కక్షిదారుగానూ పరిగణించవచ్చనీ తీర్మానించాడు.

ఆవిడ తన పేరు తానే మూడుసార్లు పిలుచుకుంది. మొదటి పిలుపుకు కప్పుమీది పావురాలు లేచిపోయాయి. రెండో పిలుపుకు రెండు క్యారియర్ల మూతలు ఊడిపడ్డాయి. మూడో పిలుపుకు చెడిపోయిన టైపు యంత్రం దానంతటది ఒక అక్షరం కొట్టింది. అది తన పనితనమేనని మేస్త్రీ అక్కడికక్కడే రాయించుకున్నాడు. మున్సిపాలిటీ తరఫున వచ్చి వరండా బెంచీ మీద కూర్చున్న ఇన్‌స్పెక్టరు రెండు చెవుల్లో వేళ్ళు దోపుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఉన్నానండయ్యా" అని ఆవిడే లోపలి కాలి తరఫున పలికింది.

తర్వాత మున్సిపాలిటీని పిలవాలి. ఆవిడ ఇన్‌స్పెక్టరును చూసింది. బండిమీది క్యారియర్లను చూసింది. అత్త పెట్టిన గడువు గుర్తొచ్చిందో ఏమో, అప్పుడే నిద్రపోయిన పసిబిడ్డ పక్కన మాట్లాడినట్టు, "ఇన్‌స్పెక్టరు గారూ... ఇన్‌స్పెక్టరు గారూ... ఇన్‌స్పెక్టరు గారూ..." అంది.

మూడుసార్లు పిలిచారనీ పలకలేదనీ మొదటి గుమాస్తా రాశాడు. నిజమేనని రెండో గుమాస్తా సంతకం పెట్టాడు. ఎన్నిసార్లు పిలవాలో పుస్తకంలో ఉంది గాని ఎంత గట్టిగా పిలవాలో లేదని హెడ్డు గుమాస్తా ధ్రువపరిచాడు. మున్సిపాలిటీ హాజరు కానందున బండి ఆవిడకు ఇచ్చెయ్యమని జడ్జిగారు తీర్పు చెప్పారు. క్యారియర్లు దించుతున్న చప్పుడుకు ఇన్‌స్పెక్టరు కళ్ళు తెరిచాడు.

"నేనిక్కడే ఉన్నాను గదండీ!"

"ఉండటం వేరు, పలకడం వేరు" అన్నాడు హెడ్డు గుమాస్తా.

ఆ రాత్రి అత్త మంచం మీద పడుకుంది. బండి మళ్ళీ రోడ్డుమీదికి వచ్చింది. ఈసారి కోర్టు మెట్లకు ఎదురుగా, రోడ్డుకు మునుపటికంటే అడ్డంగా. ఆవిడ ఉద్యోగం మాత్రం మానలేదు. మర్నాడే ఇన్‌స్పెక్టరు తన చొక్కాలన్నీ తెచ్చి ఆ బండి మీద పెట్టాడు.

ఇప్పుడు మా కోర్టులో తీర్పులు చకచకా వస్తున్నాయి. ఆవిడ దగ్గర ఇస్త్రీ చేయించుకునేవాళ్ళ పేరు పిలిస్తే మూడు వీధులు పలుకుతాయి. పక్కవీధిలో చేయించుకునేవాళ్ళ పేరు వచ్చేసరికి ఆవిడకు గొంతు పట్టేస్తుంది. ఊళ్ళో ముడత పడ్డ చొక్కా కనిపించడం లేదు. పౌరుల్లో క్రమశిక్షణ పెరిగిందని జడ్జిగారు పైకి నివేదిక పంపారు.

ఇది ఘోరమైన అన్యాయమని ఊరంతా గుసగుసలాడుతుంటే ఊరుకోలేక అందరి తరఫునా ఫిర్యాదుగా నేనే ఒక మహజరు రాశాను. పెద్దమనుషులందరి చేతా సంతకాలు పెట్టించాను. కోర్టులో ఇవ్వడానికి వెళ్తూ, దారిలోనే గదా అని నాలుగు చొక్కాలు కూడా పట్టుకెళ్ళాను. వచ్చేవారం నా ప్రహరీగోడ కేసు ఉంది. చొక్కాల మధ్య మహజరు నలిగిపోయిందని ఆవిడ నొచ్చుకుని, దాన్ని కూడా చక్కగా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

మడత చెడకుండా మా బీరువాలో దాచాను.