దేవానందం మాస్టారి చక్రపీఠ ప్రతిష్ఠ

ఓ మండువేసవి సూర్యుడా, చెరువు నీటిని మోకాలి లోతుకు దించిన ప్రతాపశాలీ, ఈ కథకు సాక్షివి నీవే, శత్రువువు నీవే! వేయిన్ని తొమ్మిదివందల డెబ్బదినాలుగవ సంవత్సరమున, మే మాసమున, కృష్ణా జిల్లా తిరువూరు పట్టణమున, మామిడికాయల లారీలు బెజవాడ దారిని ధూళిధూసరము గావించుచుండగా, ముప్పదిరెండేండ్లు ఎక్కములు వల్లెవేయించి విశ్రాంతి గొన్న సుద్దముక్కల శూరుడు దేవానందం మాస్టారు ఒక మహాకార్యమునకు నడుము బిగించెను.

స్వదేశమునకు మరలిపోవుచు మిషను దొరగారు ఆయనకు గాలపు చక్రమొకటి బహూకరించిరి. పిడి త్రిప్పినచో దారము తనంతట చుట్టుకొను ఆ వెండివన్నె చక్రమును మాస్టారు నెలదినములు బల్లపై నిలిపి, వచ్చినవారికి చూపెను, పోవువారిని పిలిచి చూపెను. అయితే అది వెదురుకర్రపై నిలువవలెనన్న, దాని పాదములను పట్టి బిగించు గొట్టపు పీఠమొకటి కావలెను. దొరగారు పీఠము నీయలేదు. సింహాసనము లేని చక్రవర్తివలె అది బల్లపై దుమ్ము తినుచుండెను.

ఇది కనిపెట్టిన బావమరిది అంతోనయ్య, చర్చి మెట్లపై పదిమంది వినుచుండగా సవాలు విసరెను.

"బావా, వచ్చే ఆదివారం ఆరాధనయ్యాక చెరువు కాడికి రా. ఒక్కసారి గాలమేసి చుట్టి చూపించు. చక్రం కర్రమీద నిలిచిందా, నీది. జారిందా, నాకిచ్చెయ్. మా ఇంటిది జ్ఞానమణి దాంతో ఊలుదారం చుట్టుకుంటుంది."

"ఊలా!" మాస్టారి మీసము నిక్కబొడుచుకొనెను. "ఒరే అంతోనీ! సముద్రాలు దాటొచ్చిన చక్రంరా ఇది! దీనిచేత స్వెట్టర్లల్లిస్తావా? ఆదివారం చూద్దువుగాని నా సత్తా!"

అంతట సైకిళ్ళు బాగుచేయువాడును, కత్తులకు పిడులు బిగించుటలో అసమానుడును అగు లాల్‌సాహెబు దుకాణమున పీఠ స్వయంవరము సాగెను. తుప్పుపట్టిన సైకిలు హ్యాండిలు ముక్క మొదట నిలిచెను. సొట్టలు పోయిన టార్చిలైటు కాయము రెండవది. మూడవది స్టవ్వు పంపు నుండి కోసిన ఇత్తడి గొట్టము; చింతపండుతో తోమగా అది పెండ్లికొడుకువలె తళుక్కుమనెను. మాస్టారి హృదయము తక్షణము దానికి వశమయ్యెను.

"ఇనప ముక్క తీసుకోండి మాస్టారూ," అనెను లాల్‌సాహెబు. "అడ్డంగా ఓ మేకు దిగేశానంటే ఇక కదలదు."

"మేకా? నా కర్రకి బెజ్జం కొడతావా? ఇత్తడిది పెట్టు."

"అది కర్రకి వదులవుద్దండి. కత్తి పిడికి పోసినట్టు లక్క కరిగించి పొయ్యాల."

"పోసెయ్."

"ఎండలో గానీ తిప్పుతారా? లక్క..."

"పొయ్యమన్నానా!"

ఆదివారము వచ్చెను. ఆరాధన ముగిసెను. మాస్టారు చెరువుగట్టుపై కర్రను గదవలె భుజమున మోపి, ఆ పదిమందికి చక్రము పుట్టుపూర్వోత్తరములను పావుగంట వివరించెను. ఆ పావుగంటలో సూర్యుడు తన పని తాను చేసెను. ఇత్తడి కాలెను, లక్క మెత్తబడెను, తళుకుల పీఠము చక్రముతో సహా సోలిన తాగుబోతువలె ప్రక్కకు ఒరిగెను.

"జారింది బావా. ఇటు తే," అని అంతోనయ్య చేయి చాచెను.

"విసరకుండానే జారినట్టా?" అనెను మాస్టారు. కన్నులయెదుట చక్రమునకు గులాబీరంగు ఊలు చుట్టుకొనుచుండెను.

"సరే, విసురు మరి."

అప్పుడు, అంతవరకు కొంగు నెత్తిన వేసికొని త్రాగునీటి కుండ ప్రక్క కూర్చున్న ఆయన ధర్మపత్ని జోజమ్మ లేచెను.

"ఏవండీ, ఆ కర్ర ఇటివ్వండి."

"నీకేం తెలుసు దీని సంగతి?"

"అరిసెల పాకం నీళ్ళలో వేస్తే ఏమవుద్ది? గట్టిపడదూ? ఇదీ అంతే. ఇవ్వండి ముందు."

ఆమె పీఠమును సరిగా నిలిపి పట్టుకొని, అది బిగించిన కర్ర మొదలును కుండలో ముంచెను. కాలిన ఇత్తడి చల్లబడెను. నూరు అంకెలు లెక్కించి పైకి తీసి, "ఇప్పుడు విసరండి. ఉపన్యాసం వద్దు," అనెను.

మాస్టారు విసరెను! గాలము గాలిని చీల్చుకొని పోయి చెరువున మునిగెను. పిడి త్రిప్పెను. చక్రము గిరగిర తిరిగెను, పదిమందియు ఊపిరి బిగబట్టిరి, పీఠము ఆవగింజంతయు కదలలేదు. గాలమునకు చారెడు నాచు తగుల్కొని వచ్చెను.

"చూశారా! అంతా పీటని ఎంచుకోవడంలో ఉంది!" అని వీరుడు గర్జించెను.

"ఆ, ఉంది," అనెను జోజమ్మ. "దాహమేస్తే ఈ లక్కనీళ్ళే తాగండి మరి."

వినుడు జనులారా! ఒక చక్రము, ఒక పీఠముపై, ఒక్క విసురుకు, కదలక నిలిచెను! జ్ఞానమణి ఊలు చేతితోనే చుట్టుకొనెను. నాచు కర్రకు వ్రేలాడుచుండగా మాస్టారు జయధ్వజమువలె దానిని పైకెత్తి ముందు నడచెను. కుండను జోజమ్మ చంకనెత్తికొని వెనుక నడచెను.